అన్నదమ్ముల పంపకాల తగాదా: దావా వేయకముందు మధ్యవర్తిత్వం ఎలా నడపాలి, కాగితం ఎలా నిలబడుతుంది

మీ ప్రశ్న సారాంశం ఇది. నాన్నగారు వీలునామా రాయకుండా పోయారు. అమ్మ, ఇద్దరు అన్నదమ్ములు, పెళ్లయిన అక్క ఉన్నారు. ఊళ్లో నాలుగున్నర ఎకరాలు, పట్నంలో ఒక డాబా ఇల్లు. పొలం అన్నయ్య చేతిలో ఉంది, మూడేళ్లుగా ఫలసాయం లెక్క చెప్పడం లేదు. లాయరుగారు పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావా వేద్దామంటున్నారు, మేనమామ కూర్చుని మాట్లాడుకోమంటున్నారు. మధ్యవర్తిత్వం వల్ల ఉపయోగం ఉందా, అక్కడ రాసుకున్నది రేపు కోర్టులో చెల్లుతుందా అన్నది మీ సందేహం.

ఉపయోగం ఉంది. చెల్లుబాటు మాత్రం మీరు ఏ దారిన కూర్చున్నారు, చివరికి ఎలాంటి కాగితం మీద సంతకాలు పెట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. పంపకాల తగాదాల్లో మాట కుదరక చెడేవాటికంటే, మాట కుదిరి కాగితం సరిగా లేక నాలుగేళ్ల తర్వాత మళ్లీ దావాగా తేలేవే నా లెక్కలో ఎక్కువ. కాబట్టి ఆ కాగితం గురించే ఎక్కువ చెబుతాను.

దావా ఎన్ని మెట్లు ఎక్కాలో తెలిస్తే బేరం ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. పార్టిషన్ దావాలో కోర్టు మొదట ఇచ్చేది ప్రిలిమినరీ డిక్రీ. అందులో తేలేది ఎవరికి ఎన్నో వంతు అన్నదే, ఏ మడి ఎవరిదో ఉండదు. దానికి ఫైనల్ డిక్రీ పిటిషన్ వేయాలి. కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ను వేస్తుంది, ఆయన సర్వేయర్‌తో వచ్చి కొలిపించి రిపోర్టు ఇస్తారు, దాని మీద ఇరువైపులా అభ్యంతరాలు వేస్తారు. ఆపైన ఫైనల్ డిక్రీని స్టాంపు కాగితం మీద ఎక్కించుకోవాలి. అప్పటికీ అవతలివాళ్లు పొలం వదలకపోతే స్వాధీనం కోసం ఇ.పి., అంటే డిక్రీని అమలు చేయించమనే పిటిషన్, వేయాలి. ప్రిలిమినరీ డిక్రీ మీద ఒక అప్పీలు, ఫైనల్ డిక్రీ మీద మరో అప్పీలు వేసుకోవచ్చు. ఇల్లు విడగొట్టడానికి వీల్లేనిదైతే, సగమో అంతకు మించో వాటా ఉన్నవాళ్లు అడిగితే, 1893 నాటి పార్టిషన్ చట్టం కింద కోర్టు దాన్ని అమ్మించి డబ్బు పంచమనవచ్చు. ఈ వరుసంతా మీ అన్నయ్యకు ఆయన లాయరు నోటి నుంచే తెలిసేలా చూడండి. మీరు చెబితే బెదిరింపులా వినిపిస్తుంది.

ఇక ఎవరు కూర్చోవాలి. హిందూ వారసత్వ చట్టం మీకు వర్తిస్తుందనుకుని చెబుతున్నాను. మగవాళ్లిద్దరూ మేనమామ ఎదుట కూర్చుని తేల్చుకోవడం, తర్వాత అక్క చేత ఒక సంతకం పెట్టించుకోవడం... పంపకం చెడటానికి మొదటి కారణం ఇదే. పెళ్లయిన కూతురికి 2005 సవరణతో పిత్రార్జితంలో కొడుకుతో సమాన హక్కు వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నారా లేదా అన్నది చూడనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్డ్ దస్తావేజుతోనో డిక్రీతోనో పంపకం అయిపోయి ఉంటే మాత్రం దాన్ని కదపలేరు. మీ నాయనమ్మ ఇంకా ఉంటే ఆవిడా మొదటి తరగతి వారసురాలే. ఈ సంగతి చాలామందికి గుర్తుండదు. ఆవిడను వదిలేస్తే రేపు ఆవిడ ఇతర పిల్లలు అడ్డుపడతారు.

వాటాల లెక్క అందరికీ ఒకేలా రాదు, ఇక్కడే మొదటి గొడవ మొదలవుతుంది. నాయనమ్మ లేరనుకుందాం. పొలం నాన్నగారి సొంతార్జితమైతే అమ్మ, ముగ్గురు పిల్లలు తలా నాలుగో వంతు: 450 సెంట్లలో ఒక్కొక్కరికి 112న్నర సెంట్లు. అదే పొలం పిత్రార్జితమైతే ముందు నాన్నగారు, ముగ్గురు పిల్లలు నాలుగు భాగాలుగా లెక్క వేసుకోవాలి. తర్వాత నాన్నగారి పావు భాగాన్ని మళ్లీ నలుగురు వారసులకు పంచాలి. అలా పిల్లలకు తలా 16లో 5 వంతులు, అమ్మకు 16లో 1 వంతు వస్తుంది. అంటే పిల్లలకు సుమారు 140 సెంట్లు, అమ్మకు 28 సెంట్లు. అమ్మ వాటా 112 నుంచి 28కి పడిపోయే తేడా ఇది. పొలం ఎలా వచ్చిందో లింకు డాక్యుమెంట్లు (పొలం చేతులు మారిన పాత దస్తావేజులు) చూసి తేల్చుకోకుండా బేరానికి కూర్చుంటే ప్రతివాళ్లూ తమకు అనుకూలమైన లెక్కే పట్టుకుని కూర్చుంటారు. పాస్ పుస్తకం అన్నయ్య పేరు మీదికి మారి ఉన్నా కంగారు పడకండి, రెవెన్యూ రికార్డు ఒక్కటే యాజమాన్య హక్కు ఇవ్వదు.

వారసుల్లో మైనర్లు ఎవరైనా ఉంటే, ఉదాహరణకు చనిపోయిన తోబుట్టువు పిల్లలు, బయట రాజీతో సరిపెట్టకండి. దావా వేసి, మైనర్ తరఫున రాజీపడటానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 రూల్ 7 కింద కోర్టు అనుమతి తీసుకోవాలి. అది లేని రాజీని ఆ పిల్లలు తర్వాత రద్దు చేయించుకోవచ్చు.

కూర్చునే ముందు పోగు చేయాల్సినవి: లింకు డాక్యుమెంట్లు, వీలైనంత వెనక్కి తీసిన ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా), 1బి, అడంగల్ (పొలం ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చూపే రెవెన్యూ రికార్డులు), ఇంటిపన్ను రసీదులు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బ్యాంకులో పంట రుణం ఉంటే ఆ రోజుకు బాకీ ఎంతో చూపే కాగితం. ఈసీ ఎందుకంటే, అన్నయ్య ఈపాటికే ఏదైనా తనఖా రిజిస్టర్ చేయించి ఉంటే అందులో కనిపిస్తుంది. వీటికి మించి, ముందే పొలం కొలిపించండి. పుస్తకంలో 4.50 ఉండి నేల మీద 4.32 తేలడం మామూలు. ఆ 18 సెంట్లు ఎవరి వాటాలోంచి పోవాలన్న గొడవ రాజీ తర్వాత వస్తే రాజీయే పోతుంది.

అన్నయ్య పొలం అమ్మేస్తాడేమోనన్న భయం నిజంగా ఉంటే ముందు దావా వేయండి, అమ్మకుండా ఆపే ఇంజంక్షన్ ఉత్తర్వు అడగండి, ఆ తర్వాత మధ్యవర్తిత్వానికి పంపమని కోర్టునే కోరండి. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ కింద, దావా పెండింగులో ఉండగా కొన్నవాడు ఆ దావా ఫలితానికి కట్టుబడాల్సిందే. దావా లేకుండా బయట కూర్చుని మాట్లాడుకుంటున్న రోజుల్లో ఆ రక్షణ ఉండదు. కాలపరిమితి కూడా చూసుకోండి. ఉమ్మడి ఆస్తి నుంచి తనను బయటపెట్టారని తెలిసిన నాటి నుంచి వాటా కోసం 12 ఏళ్లు గడువుంది కాబట్టి మీకు తొందర లేదు. అదే చేబదులు, ప్రామిసరీ నోటు తగాదా అయితే మూడేళ్లే. పెద్దమనుషుల ముందు వాయిదాలు పడుతూ ఉండగానే ఆ గడువు దాటిపోతుంది. అలాంటిచోట గడువు లోపలే అవతలి వ్యక్తి చేత బాకీ ఒప్పుకోలు రాతపూర్వకంగా సంతకంతో తీసుకుంటే ఆ తేదీ నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది.

ఇక దారులు. మొదటిది మేనమామ చెప్పినదే, బయట పెద్దమనుషుల ముందు కూర్చోవడం. తప్పేమీ లేదు, కానీ రెండు జాగ్రత్తలు. ఒకటి, మొదటి రోజే "పెద్దలు ఏం చెబితే దానికి కట్టుబడి ఉంటాం" అని స్టాంపు కాగితం మీద సంతకాలు అడుగుతారు. అది మధ్యవర్తిత్వం కాదు, వాళ్లకు తీర్పు చెప్పే అధికారం రాసివ్వడం. దాన్ని ఆర్బిట్రేషన్ ఒప్పందమని వాదించే వీలుంటుంది. ఆర్బిట్రేషన్ అవార్డు (వాళ్ల తీర్పు) వచ్చిందంటే ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద మూడు నెలల్లో, అదీ కొన్ని కారణాల మీదే, సవాలు చేయగలరు. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మధ్యవర్తి తీర్పు చెప్పడు, మీరు ఒప్పుకుంటేనే రాజీ. రెండు, డిపాజిట్ పేరుతో ఇరువైపులా పెద్దల దగ్గర డబ్బు పెట్టించే పంచాయితీలకు వెళ్లకండి. అన్నట్టు, పోలీస్ స్టేషన్లో సివిల్ తగాదా "సెటిల్" చేయిస్తామనేవాళ్ల జోలికి కూడా పోకండి, ఆస్తి పంచే అధికారం స్టేషన్‌కు లేదు.

రెండో దారి, మీ పరిస్థితికి నేను ముందు సూచించేది, జిల్లా న్యాయసేవాధికార సంస్థ. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది, చిన్న ఊళ్లలోని కోర్టుల దగ్గర మండల న్యాయసేవా కమిటీ ఉంటుంది. దావా లేకుండానే ప్రీ-లిటిగేషన్ కేసుగా తీసుకోమని తెల్లకాగితం మీద అర్జీ పెట్టొచ్చు: ఎవరెవరు వారసులు, ఏ ఆస్తులు, తగాదా ఏమిటి, అందరి చిరునామాలు. కోర్టు ఫీజు లేదు. వాళ్లే నోటీసు పంపి పిలిపిస్తారు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డుగా రాస్తారు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మీ ఒప్పుకోలు లేకుండా లోక్ అదాలత్ తనంతట తాను వాటాలు తేల్చలేదు. అమ్మకూ అక్కకూ, స్త్రీలు కాబట్టి, ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. జాతీయ హెల్ప్‌లైన్ 15100. ఒక్క చిక్కు: దావా లేకుండా వచ్చిన అవార్డుతో భూమి పంచుకున్నప్పుడు సబ్ రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ప్రశ్న లేస్తుంది. అవార్డు రాయించేముందే దాని ముసాయిదా నకలు అక్కడ చూపించి అడగండి.

మూడో దారి దావా వేశాక వచ్చేది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ కింద కోర్టు మధ్యవర్తిత్వ కేంద్రానికి పంపుతుంది. అక్కడ కూర్చునేది శిక్షణ పొందిన లాయరో రిటైర్డ్ జడ్జో. రాజీ కుదిరితే ఆర్డర్ 23 రూల్ 3 కింద రాజీ డిక్రీ వస్తుంది, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. ఇక్కడ తప్పు జరిగేది షెడ్యూలు (దావాలోని ఆస్తుల జాబితా) దగ్గర. దావా షెడ్యూల్లో ఉన్న ఆస్తి వరకు రాజీ డిక్రీకి రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉంది. షెడ్యూల్లో పొలం మాత్రమే ఉండి, రాజీలో పట్నం ఇల్లు కూడా పంచుకుంటే ఇంటి వరకు రిజిస్ట్రేషన్ కావాల్సిందే. కాబట్టి దావా రాసేటప్పుడే అన్ని ఆస్తులూ ఎక్కించమనండి.

2023 మధ్యవర్తిత్వ చట్టం వచ్చాక ఎక్కడ రాజీ రాసుకున్నా డిక్రీయే అని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆ చట్టం 27వ సెక్షన్‌లో ఆ మాట ఉన్నది నిజమే. కానీ 2023 అక్టోబర్ 9న అమల్లోకి తెచ్చిన సెక్షన్ల జాబితాలో 27 లేదు. మీరు సంతకం పెట్టే నాటికి అది నోటిఫై అయిందో లేదో మీ లాయరుగారి చేత గెజిట్ చూపించుకుని గానీ దాని మీద ఆధారపడకండి. (వ్యాపార లావాదేవీల తగాదా అయితే లెక్క వేరు. విలువ 3 లక్షలో అంతకు మించో ఉండి, అత్యవసర ఉత్తర్వులు అవసరం లేకపోతే, కమర్షియల్ కోర్టుల చట్టం 12ఎ సెక్షన్ కింద ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లకుండా వేసిన దావాను తిరస్కరిస్తారు. పాటిల్ ఆటోమేషన్ కేసులో 2022లో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది.)

కూర్చున్న రోజు ఎలా నడుస్తుందంటే, ముందు అందరినీ కలిపి కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేత చెప్పిస్తారు. తర్వాత విడివిడిగా లోపలికి పిలుస్తారు. విడిగా చెప్పినదాన్ని మీరు వద్దంటే మధ్యవర్తి అవతలివారికి చెప్పకూడదు. పొలం పోయినా ఫర్వాలేదు ఇల్లు కావాలి, ఇంతకు తగ్గను లాంటి అసలు మాటలు అక్కడే చెప్పండి. రాజీ కుదరకపోతే మధ్యవర్తి కోర్టుకు "కుదరలేదు" అని మాత్రమే రాయాలి, లోపల ఎవరు ఏమన్నారో రాయకూడదని 2010లో మోతీరాం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ఒక మెట్టు దిగి చెప్పడానికి భయపడక్కర్లేదు. ఫోనులో రికార్డు చేయడం మాత్రం వద్దు, అది బయటపడిన క్షణంలో నమ్మకం పోతుంది.

మూడేళ్ల ఫలసాయం లెక్కతో మొదలుపెట్టకండి. అన్నయ్యను దోషిగా నిలబెట్టి మొదలైన కూర్చోవడం భూమి దాకా రాదు. ముందు వాటాల వంతులు, తర్వాత ఏ ముక్క ఎవరికి, ఆఖరున పాత లెక్కలు. అప్పటికి ఆ లెక్క బేరంలో సర్దుబాటుకు పనికొస్తుంది: రోడ్డు పక్క ముక్క మీకొస్తే మూడేళ్ల కౌలు వదులుకోవడం లాంటిది. ముక్కలు సమానంగా లేనప్పుడు రోడ్డువారన, బోరు పక్కన, కాలవ చివర ఒక్కో మడికి సెంటుకు ఇంత అని ముందే విలువ కట్టుకోండి. వాటాలు విడగొట్టే పని అన్నయ్యకే ఇచ్చి, ఎంచుకునే వంతు ఆయనకు ఆఖరున ఇవ్వండి. అలా చేస్తే ఏ ముక్కనూ కావాలని పాడు చేయరు. అదీ కుదరకపోతే చీట్లు వేయడం, తేడాకి డబ్బు సర్దడం.

ఇప్పుడు కాగితం. బయట కుదిరిన పంపకాన్ని ఆ కాగితంతోనే చేసుకుంటుంటే అది భాగపంపకాల దస్తావేజు. రిజిస్టర్ కాకపోతే వాటాలు రుజువు చేయడానికి కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. స్టాంపు తక్కువైతే లోటుకు పది రెట్ల దాకా పెనాల్టీ పడుతుంది. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. నోటిమాటగా ముందే పంచుకుని, ఎవరి వాటాలో వాళ్లు దిగాక, జరిగినదాన్ని గుర్తు కోసం రాసుకునే కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ మినహాయింపును వాడుకోవాలని కొత్త పంపకాన్నే పాతదిగా రాయించే తెలివి కొందరు చూపిస్తారు. తేదీలు, అడంగల్‌లో పేర్లు, కరెంటు బిల్లులు కలవక అది క్రాస్ ఎగ్జామినేషన్‌లో విడిపోతుంది. కుటుంబ సభ్యుల మధ్య పంపకానికి స్టాంపు డ్యూటీ అమ్మకం దస్తావేజు కంటే తక్కువ, కట్టేయండి. అక్క డబ్బు తీసుకుని హక్కు వదులుకుంటానంటే హక్కు విడుదల పత్రం కూడా రిజిస్టర్ కావాలి. డబ్బు, రిజిస్ట్రేషన్ ఒకే రోజు జరగాలి.

షరతులు ఎలా రాయాలో ఒక్కటి చూపిస్తాను. మామూలుగా రాసేది ఇలా ఉంటుంది: "ఉమ్మడి బోరును ఇరువురూ సఖ్యతగా వాడుకొనవలెను." మొదటి ఎండాకాలానికే దీని మీద గొడవ. దాని బదులు ఇలా రాయండి: "సర్వే నంబరు ఫలానాలోని బోరు నుంచి ఎ వాటాదారు సోమ, బుధ, శుక్రవారాలు, బి వాటాదారు మంగళ, గురు, శనివారాలు, ఆదివారం వారం మార్చి వారం నీరు పారించుకోవాలి. మోటారు రిపేరు ఖర్చు చెరిసగం. రసీదు చూపిన 7 రోజుల్లో సగం ఇవ్వనివారు ఇచ్చేదాకా వారి వంతు నీరు రెండోవారిది. కరెంటు సర్వీసు పేరు మారినా ఈ హక్కు మారదు. ఎవరైనా తన వాటా అమ్మితే కొన్నవారికీ ఇదే వర్తిస్తుంది." బాట కూడా ఇంతే. ఎన్ని అడుగుల వెడల్పు, ఏ గట్టు వెంట, ట్రాక్టరు వెళ్లొచ్చా అన్నది స్కెచ్‌లో గీయించి అందరి సంతకాలతో జతచేయాలి.

డబ్బు షరతులో మొత్తం, తేదీ, ఏ బ్యాంకు ఖాతాలోకి, తప్పితే వడ్డీ ఎంత, ఎన్ని రోజులు తప్పితే ఏ హక్కు పుడుతుంది అన్నవి ఉండాలి. "త్వరలో చెల్లించగలవాడను" అన్న వాక్యాన్ని ఏ ఇ.పి. కోర్టూ అమలు చేయలేదు. చేలో ఉన్న పంట ఎవరిది, ఏ తేదీకి పొలం అప్పగించాలి, నాన్నగారి అప్పు ఎవరు తీర్చాలి, బ్యాంకులో ఉన్న కాగితాలు ఎవరు విడిపించాలి, పాస్ పుస్తకంలో మ్యుటేషన్‌కు (పేరు మార్పుకు) ఎవరు ఎప్పటిలోగా సంతకం పెట్టాలి అన్నవి విడివిడి షరతులుగా రావాలి. అమ్మ ఏ గదిలో ఉంటారు, నెలకు ఎవరు ఎంత ఇస్తారు, ఆవిడ వాటా తర్వాత ఎవరికన్నది ఇప్పుడే మాట్లాడాలా వద్దా అనేది ఆవిడను ఒంటరిగా అడిగి తెలుసుకోవాలి. కొడుకుల ముందు అమ్మలు "నాకేం వద్దు" అంటారు. మధ్యవర్తికి ఈ సంగతి ముందే చెప్పి విడి సమావేశం ఇప్పించండి.

విదేశంలో ఉన్నవాళ్లు పవర్ ఆఫ్ అటార్నీ పంపితే అందులో "రాజీపడే అధికారం" అన్న మాట విడిగా ఉండాలి. అక్కడ రాసిన పత్రం ఇండియాకు అందిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించుకోవాలి. రాజీ డిక్రీ అయితే లాయర్ల సంతకంతో పాటు పార్టీలందరి సంతకాలూ ప్రతి పేజీ మీదా ఉండేలా చూసుకోండి.

కొన్నింటికి ఇది పనికిరాదు. వీలునామా ఫోర్జరీ అని తీవ్రమైన ఆరోపణ, ప్రొబేట్ (వీలునామాను కోర్టు ధ్రువీకరించడం), దేవుడి మాన్యం, ఎన్నికల తగాదా లాంటివి మధ్యవర్తిత్వానికి తగవని 2010లో ఆఫ్కాన్స్ కేసులో సుప్రీంకోర్టు ఉదాహరణలు ఇచ్చింది. ఇంట్లో ఒకరంటే ఒకరికి ప్రాణభయం ఉన్నచోట ఎదురెదురుగా కూర్చోబెట్టడమే తప్పు.

న్యాయసేవాధికార సంస్థ పంపిన రెండు నోటీసులకీ అన్నయ్య రాకపోతే మూడోదానికి ఎదురుచూడకండి. వచ్చి కూడా ప్రతిసారీ వాయిదా అడుగుతూ ఈలోగా రెండో పంట కోసుకుంటున్నారంటే ఆలస్యమే ఆయనకు లాభం. ఆ స్థితిలో న్యాయసేవాధికార సంస్థ దగ్గర "కుదరలేదు" అని రాయించుకుని దావా వేయండి. వాటాలతో పాటు మూడేళ్ల ఫలసాయం లెక్క, ఇంజంక్షన్, పంట ఆదాయం కోర్టులో జమ చేయించేలా రిసీవర్‌ను (ఆస్తిని చూసుకోవడానికి కోర్టు పెట్టే వ్యక్తిని) వేయమనే పిటిషన్ కూడా వేయండి. ఆదాయం చేతికి రాకుండా ఆగితే ఆయనే లాయరు ద్వారా రాజీ మాట ఎత్తే అవకాశం ఎక్కువ. మీ దగ్గర అప్పటికే కొలతల స్కెచ్, మడివారీ విలువలు, షరతుల ముసాయిదా సిద్ధంగా ఉంటాయి. 89వ సెక్షన్ కింద పంపమని మొదటి వాయిదాకే మెమో వేయండి.